పెరుగు కప్పా, కంపెనీ పాడా?

వంటగట్టు మీద పెట్టుకుని మట్టి లేకుండా కొత్తిమీర, పుదీనా, తులసి పెంచుకునే పెట్టెలు ఇప్పుడు మన ఊళ్ల ఫ్లాట్లలోకీ వస్తున్నాయి. విప్పి చూస్తే వాటిలో ఉన్నవి నాలుగే. నీళ్లు పట్టే తొట్టి, బెజ్జాలున్న మూత, పైన ఎల్‌ఈడీ దీపం, నీటిని కదిలించే చిన్న పంపు. మొక్కను పట్టుకునే బుట్ట, అందులో స్పాంజి, స్పాంజిలో విత్తనం, ఈ మూటనంతా కలిపి ‘పాడ్’ అంటున్నారు. పెట్టె ఒకసారి కొంటాం. పాడ్లూ పోషక ద్రవమూ మాత్రం పెట్టె ఉన్నన్నాళ్లూ కొంటూనే ఉండాలి. వీటిలో ఏవి ఇంట్లో చేసుకోవచ్చు, వేటి జోలికి పోకూడదు అన్నదాని మీద మా బంధువుల్లో ఇద్దరికి పొత్తు కుదరదు. మామయ్య పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పాఠాలు చెప్పి రిటైరయ్యారు, ఉండేది విజయవాడలో. ఆయన మేనకోడలు హైదరాబాదులో ఒక మందుల కంపెనీ నాణ్యతా విభాగంలో పనిచేస్తుంది. ఆమె పెట్టె పూర్తిగా కొన్నది. ఆయనది సగం కొని సగం కట్టుకున్నది. ఇద్దరి వాదంలోనూ పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి కాబట్టి వాళ్ల మాటల్లోనే ఇస్తున్నాను. అవసరమైనచోట నా మాటా కలుపుతాను.

మేనకోడలు: మామయ్యా, ఆ పెరుగు కప్పులేమిటి? కంపెనీ బుట్టలు కొలతకు సరిగ్గా కూర్చుంటాయి. రోజంతా లేబుల్ లేని సీసాను పక్కన పెట్టించడమే నా ఉద్యోగం. ఇంటికొచ్చి ఊరూ పేరూ లేని ప్లాస్టిక్‌లో పెరిగిన కూర తినమంటే నా వల్ల కాదు.

మామయ్య: ఊరూ పేరూ ఉందమ్మా. కప్పు తిరగేసి చూడు. బాణాల త్రికోణంలో 5 అంకె వేసి ఉంది. అంటే పాలీప్రొపిలీన్. వేడి పాలు పోసి తోడేసినా తట్టుకునే రకం. 2 అంకె ఉన్న గట్టి పాలిథిన్ కూడా వాడతాను. 7 అని ఉంటే అది ఏదైనా కావచ్చు, ముట్టుకోను. 3 ఉంటే పీవీసీ, దాన్ని చూసి వాడాలి.

మేనకోడలు: పీవీసీ గొట్టాల్లో పాలకూర పెంచేవాళ్లు ఎంతమంది లేరు!

మామయ్య: తాగునీళ్లకని అమ్మే గట్టి గొట్టం వేరు. వంచితే వంగేలా మెత్తదనం కోసం వేరే రసాయనాలు కలిపిన పారదర్శక గొట్టం వేరు. రెండూ పీవీసీయే. మొదటిది నేనూ వాడతాను. రెండోది వాడను. ఇక బుట్ట సంగతి. అది చెయ్యాల్సింది రెండే పనులు, మొదలును నిలబెట్టడం, వేళ్లను కిందికి పోనివ్వడం. మార్కెట్లో మామూలుగా దొరికే జల్లెడ బుట్ట పైఅంచు రెండంగుళాలు, అంటే 50 మిల్లీమీటర్లు. మన పెట్టె మూతలో బెజ్జం అంతకన్నా చిన్నది. కాబట్టి చిన్న కప్పు వెతికాను. దానికి పక్కలకూ అడుగుకూ బెజ్జాలు పెట్టాను. అయిపోయింది.

మేనకోడలు: పెట్టింది కాల్చిన మేకుతో. ఆ పొగ పీల్చింది మీరూ అత్తయ్యానూ.

మామయ్య: అదొక్కటి నువ్వన్నది నిజం. ఇప్పుడు చేతి డ్రిల్లుకు 5 మిల్లీమీటర్ల బిట్టు వేసి చేస్తున్నాను. లోపల ఒక చెక్కముక్క ఆన్చి పట్టుకుంటే కప్పు పగలదు. అంచులకు గరుకు కాగితం తిప్పాలి. లేకపోతే ఆ పదును లేత వేళ్లను కోస్తుంది.

మేనకోడలు: సరే, కప్పు వదిలేస్తాను. స్పాంజి? మీరు గిన్నెలు తోమే స్పాంజిని కోసి పెట్టారని అత్తయ్య చెప్పింది.

మామయ్య: అత్తయ్య చూసింది సోఫాలు కుట్టే కొట్లో తెచ్చిన తెల్ల ఫోము. గిన్నెలు తోమేవాటిలో కొన్నింటికి సూక్ష్మజీవులు చేరకుండా మందు పూసి ఉంచుతారు. అవి మొలకకు చేటు. మామూలు ఫోమును అంగుళం మందాన కోసి, నడుమ నిలువుగా చీరి, విత్తనాన్ని పైనుంచి అరసెంటీమీటరు లోతున పెడతాను. మెంతికి ఇదే చాలు. కొత్తిమీరకు ముందు ధనియాన్ని రెండుగా నలిపి, ఒక రాత్రి నానబెట్టాలి.

మేనకోడలు: కోనసీమ కొబ్బరిపొట్టు ఉండగా ఫోము దేనికి? ప్లాస్టిక్ కన్నా అది నయం కదా.

మామయ్య: కుండీలో నయం. పంపు ఉన్న తొట్టిలో కాదు. సన్నని పొట్టు రాలి పంపులో ఇరుక్కుంటుంది. పైగా కొబ్బరిపొట్టులో సోడియం, పొటాషియం పట్టుకుని ఉంటాయి. కడగకుండా వాడితే ఆ రెండూ నీళ్లలోకి దిగి, నీళ్లలోని కాల్షియాన్ని పొట్టు లాగేసుకుంటుంది. చెయ్యాలనుకుంటే నాలుగైదుసార్లు కడిగి, కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రోజు నానబెట్టి, పలుచటి నైలాన్ గుడ్డలో మూటకట్టి బుట్టలో పెట్టాలి. నూలుగుడ్డ వద్దు, కుళ్లుతుంది.

మేనకోడలు: ఇంత తతంగం ఎందుకు? పాడ్ల డబ్బా తెరిచి, బెజ్జంలో పెట్టి, బటన్ నొక్కితే నాకు తులసి వస్తోంది. నాకున్న తీరిక ఆదివారం పూట ఒక్క గంట. ఆ గంటను ఫోము కొయ్యడానికి ఎందుకివ్వాలి?

మామయ్య: ఎందుకో చెబుతాను. ఈ వంటగట్టు తోటలకు పేరు తెచ్చింది అమెరికాలో ఏరోగార్డెన్. కొలరాడోలోని బౌల్డర్‌లో పుట్టిన కంపెనీ, 2006లో మొదటి పెట్టె అమ్మింది. తర్వాత స్కాట్స్ మిరాకిల్ గ్రో అనే పెద్ద తోటసామాను కంపెనీ దాన్ని కొనేసింది. 2024 చివర్లో ఒక ప్రకటన వచ్చింది, 2025 జనవరి 1 నుంచి మూసేస్తున్నామని. పెట్టెలున్న ఇళ్లలో పరిస్థితి ఊహించు. దీపం వెలుగుతోంది, పంపు తిరుగుతోంది, తొట్టి చెక్కుచెదరలేదు. కానీ దాని బెజ్జానికి సరిపోయే బుట్ట, స్పాంజి రేపు దొరుకుతాయో లేదో తెలియదు.

మేనకోడలు: మళ్లీ తెరిచారుగా.

మామయ్య: 2025లోనే మళ్లీ అమ్మకాలు మొదలుపెట్టారు, మంచిదే. మధ్యలో మాత్రం పాడ్ మీదే బతికినవాడు కంగారుపడ్డాడు, ఫోము కొయ్యడం తెలిసినవాడు పడలేదు. మన దగ్గర అమ్మే పెట్టెల్లో చాలావాటికి రేపు విడిభాగం ఎవరిస్తారో పెట్టె మీద రాసి ఉండదు. ఏడాది తిరగకుండా మోడల్ మారిపోతుంది. కొత్త మోడల్ బుట్ట పాత మూతలో కూర్చోదు.

(ఇక్కడ నేను మామయ్య పక్షం. మూతలో బెజ్జం ఎంత ఉండాలో నిర్ణయించే హక్కు ఒక్క అమ్మేవాడి చేతిలో ఉన్నప్పుడు, తోట ఎన్నాళ్లు బతకాలో కూడా వాడే నిర్ణయిస్తాడు. ఇంటి వస్తువు కొనే మనిషికి ఇది చిన్న విషయం కాదు.)

మేనకోడలు: అలాగైతే త్రీడీ ప్రింటర్‌లో అచ్చు తీయిద్దామని అంటారేమో. మా అపార్టుమెంటులో ఒకబ్బాయి దగ్గరుంది. కొలతిస్తే బుట్టలు, బెజ్జం మూతలు, బిళ్లలు అన్నీ చేసిస్తానన్నాడు. అప్పుడు కొలతా సరిగ్గా ఉంటుంది, కాల్చిన మేకూ ఉండదు. కానీ మా విభాగం దృష్టితో చూస్తే దానికీ నేను ఒప్పుకోను. అచ్చు పొరలు పొరలుగా పడుతుంది. ఆ పొరల మధ్య సందుల్లో జిగట పేరుకుంటుంది. బ్రష్షుతో రుద్దినా పోదు. పీఎల్‌ఏ అనే రకం 60 డిగ్రీలకే మెత్తబడుతుంది కాబట్టి మరిగే నీళ్లలో వేసి శుభ్రం చెయ్యలేం. ప్రింటర్ ముక్కు ఇత్తడిదైతే అందులో కాస్త సీసం కూడా ఉండొచ్చు.

మామయ్య: అంత కచ్చితంగా ఎందుకు కొట్టేస్తావు? ఆ బుట్టలో మనం పప్పు వండటం లేదు. తగిలేవి వేళ్లు. పీఈటీజీ రకంతో తీయించు, అది ఇంకాస్త వేడి తట్టుకుంటుంది. పంటకూ పంటకూ మధ్య బ్లీచింగ్ కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి, బాగా కడిగి ఆరబెట్టు. బుట్ట కన్నా దానితో చేయించాల్సినవి వేరే ఉన్నాయి. దీపం కాడను ఎత్తు పెంచే ముక్క, నీళ్లు పోసే గరాటుకు మూతలో మెడ, వాడని బెజ్జాలకు బిరడాలు. వీటిలో ఏదీ నీళ్లలో మునగదు. ప్రింటర్‌కు అసలైన పని అక్కడుంది.

మేనకోడలు: బిరడాల మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. మీ పెట్టెలో రెండు బెజ్జాలు ఖాళీగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. డెంగీ తెచ్చే దోమ మురికినీళ్లలో కాదు, ఇలాంటి నిలవున్న మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ప్రతి శుక్రవారం డ్రై డే అని చెప్పి కూలర్లూ తొట్లూ ఖాళీ చేయమని ఇంటింటికీ తిరిగి చెబుతున్నారు. మీ తొట్టిని ఎలా ఖాళీ చేస్తారు? నెలరోజులు అవే నీళ్లు. కంపెనీ పెట్టెలో ప్రతి బెజ్జానికీ మూత ఉంటుంది.

మామయ్య: పంపు తిరుగుతుంటే నీళ్లు కదులుతాయి కదా.

మేనకోడలు: మీ పంపు గంటకోసారి కాసేపు తిరుగుతుంది. కరెంటు పోతే అదీ లేదు. బుట్ట చుట్టూ సందున్నా దోమ దూరుతుంది. కప్పు ఇంట్లో చేసినప్పుడు ఆ సందు కచ్చితంగా ఉంటుంది.

మామయ్య: ఉంటుంది. దానికి ఫోము పట్టీ చుట్టాలి. ఖాళీ బెజ్జాల మీద ఐస్‌క్రీం డబ్బా మూతను గుండ్రంగా కోసి, నల్ల టేపు అంటించి పెడతాను. నల్లటిది ఎందుకంటే, బెజ్జంలోంచి వెలుతురు పడితే ఎరువు నీళ్లలో నాచు పుడుతుంది. నాచు మొక్క తిండి తింటుంది. రాత్రిపూట నీళ్లలో ప్రాణవాయువును కూడా వాడుకుంటుంది. తొట్టి పారదర్శకంగా ఉంటే దానికీ నల్ల కాగితం, పైన వంటింటి అల్యూమినియం రేకు చుట్టాలి.

మేనకోడలు: ఖాళీ చేసే రోజు?

మామయ్య: రెండు వారాలకోసారి నీళ్లు పూర్తిగా మారుస్తాను. ఈ మధ్యలో సందుల్లేకుండా చూడటమే మార్గం. నువ్వన్నాక ఈ రోజే ఆ రెండు బెజ్జాలూ మూసేస్తాను.

(దోమ సంగతి ఇళ్లలో ఎవరూ తలుచుకోవడం లేదు. కుండీ కింద పళ్లెంలో నీళ్లుంటే పారబోసే మనిషి కూడా మూత ఉన్న తొట్టిని అనుమానించడు. చేతిపని బుట్టలు వాడేవాళ్లు దీన్ని ముందుగా చూసుకోవాలి. మిగతావన్నీ దీని తర్వాతే.)

మేనకోడలు: ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీరు తొట్టిలో ఏం కలుపుతున్నారు?

మామయ్య: 19:19:19. మేడమీద కుండీలకు వాడేదే. కాస్త ఎప్సం సాల్ట్.

మేనకోడలు: ఇక్కడే మీ చేతిపని ఆగిపోవాలి మామయ్యా. ఆ పొడిలో నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని మార్చి మొక్కకు అందిస్తాయి. మీ తొట్టిలో ఆ పని చేసే మట్టి లేదు. అందులో కాల్షియం బొత్తిగా లేదు. కొత్త ఆకుల అంచులు మాడిపోతున్నాయని అత్తయ్య చెప్పింది, అది కాల్షియం అందని గుర్తు.

మామయ్య: మరి కాల్షియం నైట్రేట్ కూడా కలిపేస్తే సరి.

మేనకోడలు: ఎప్సం సాల్టూ అదీ చిక్కగా ఒకే సీసాలో కలిపితే అడుగున తెల్లటి పిండి దిగుతుంది. అది జిప్సం. కాల్షియమూ సల్ఫేటూ రెండూ మొక్కకు అందకుండా అడుగున కూర్చుంటాయి. ఫాస్ఫేటుతో కలిసినా అంతే. అందుకే కంపెనీ వాళ్లు ఎ, బి అని రెండు సీసాలు ఇస్తారు. ముందు నీళ్లలో ఒకటి పలుచన చేసి, ఆ తర్వాత రెండోది పోయాలి.

మామయ్య: కిటుకు రెండు సీసాల్లోనే ఉంటే నేనూ రెండు సీసాలు పెట్టుకుంటాను. ఇందులో దాచిన విద్యేమీ లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హోగ్లాండ్, ఆర్నన్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు 1938లో ఒక చిన్న పుస్తకం వేశారు. అంతకు ముందు అదే విశ్వవిద్యాలయంలో గెరికీ అనే ఆయన నీళ్లలో టమాటాలు చెట్టంత ఎత్తు పెంచి చూపించాడు. దాంతో జనానికి పిచ్చెక్కింది. లేనిపోని మాటలు ప్రచారంలోకి వచ్చాయి. ఈ ఇద్దరూ కూర్చుని, ఇందులో మాయ లేదు, మొక్కకు కావాల్సిన లవణాలు ఇవీ, ఇంత చొప్పున అని రాసిపెట్టారు. లీటరుకు అర గ్రాము పొటాషియం నైట్రేట్, అర గ్రాము మెగ్నీషియం సల్ఫేట్, 1.18 గ్రాముల కాల్షియం నైట్రేట్, 0.14 గ్రాముల మోనో పొటాషియం ఫాస్ఫేట్. ఎనభై ఏళ్లు దాటినా ఆ లెక్కే ప్రయోగశాలల్లో వాడుతున్నారు. దీనికి కంపెనీ సీసా ఎందుకు?

మేనకోడలు: ఆ 1.18 గ్రాములు ప్రయోగశాల రకం కాల్షియం నైట్రేట్‌కు చెప్పిన లెక్క. ఎరువుల కొట్లో దొరికేదాని కూర్పు వేరు, లెక్క మళ్లీ వేసుకోవాలి. పైగా మీరు చెప్పింది ముందు సగమే. వెనక సగం చెప్పనా? లీటరుకు బోరాన్ అర మిల్లీగ్రాము. మాంగనీసూ అంతే. జింకు 0.05 మిల్లీగ్రాములు. రాగి 0.02. మాలిబ్డినం 0.01. మీ తొట్టి నాలుగు లీటర్లు. అంటే రాగి మొత్తం 0.08 మిల్లీగ్రాములు. వంటింటి తూకంలో ఒక గ్రాముకు తక్కువ తూగదు. ఏ చెంచాతో కొలుస్తారు? ఎక్కువైతే రాగి వేళ్లను చంపుతుంది. బోరాన్ ఎక్కువైతే ఆకులు మాడుతాయి. తక్కువైనా చావే. ఇక ఇనుము. మామూలు ఇనుప లవణం వేస్తే నీళ్లలో తుప్పులా కిందికి దిగిపోతుంది. పట్టి ఉంచే ఈడీటీఏతో కలిపినది కావాలి. అదీ ఆమ్లగుణం తగ్గి పీహెచ్ 6.5 దాటితే పట్టు వదిలేస్తుంది.

మామయ్య: బడిలో చేసినట్టు వెయ్యి రెట్లు చిక్కగా ఒక లీటరు కలిపి పెట్టుకుని, అందులోంచి మిల్లీలీటర్ల లెక్కన పోసుకోవచ్చు.

మేనకోడలు: పోసుకోవచ్చు, మీ ఇంట్లో మిల్లీగ్రాముల తూకం ఉంటే. బోరిక్ యాసిడ్, కాపర్ సల్ఫేట్ సీసాలు వంటింట్లో ఉంటే దానికి తాళం కూడా ఉండాలి. మీ మనవడు నడక నేర్చాడు. ఒక్క తొట్టి పుదీనా కోసం ఇన్ని సీసాలు ఇంట్లోకి తెచ్చుకోవడం నాకు నచ్చదు. ఎ, బి సీసాలు కొనండి. కావాలంటే రైతులకు అమ్మే పెద్ద సంచీల సూక్ష్మపోషక మిశ్రమం నలుగురు కలిసి కొనుక్కోండి. ఒక్కొక్కటీ ఇంట్లో తూచి కలపొద్దు.

మామయ్య: నీళ్ల ఆమ్లగుణానికి నిమ్మరసం చాలంటారు కదా.

మేనకోడలు: పూటకు చాలు. నిమ్మ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి, రెండు మూడు రోజుల్లో పీహెచ్ మళ్లీ పైకొస్తుంది. పలుచటి ఫాస్ఫారిక్ ఆమ్లం చుక్కలు నిలుస్తాయి. 5.5కూ 6.5కూ మధ్య ఉంచితే చాలు.

(ఈ విషయంలో మేనకోడలి మాటే నా మాట. ఇంకొకటి కూడా కలుపుతాను. మన పొలాల్లో జీవామృతం బాగా పనిచేస్తుంది, దాని బలం మట్టిలోనే ఉంది. దాన్ని వంటగట్టు మీది నాలుగు లీటర్ల తొట్టిలో పోస్తే సూక్ష్మజీవులు నీళ్లలోని ప్రాణవాయువునంతా వాడేస్తాయి, వేళ్లు కుళ్లి ఇల్లంతా కంపు కొడుతుంది. ఆ రెండు పద్ధతులనూ కలపొద్దని ప్రకృతి వ్యవసాయం మీద ప్రేమతోనే చెబుతున్నాను.)

మామయ్య: సరే, మందు నీది. నీళ్లు? మియాపూర్‌లో మీ బోరు నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూశావా? తాగునీటికి మన ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు. బోర్లలో అది దాటడం మామూలే. కొత్తిమీరకు నువ్వు ఎరువుతో కలిపి 600 నుంచి 900 వరకు రావాలనుకుంటావు. నీళ్లే 700 ఉంటే ఎరువు ఎక్కడ పోస్తావు? నీ కంపెనీ సీసా మీద “లీటరుకు ఇన్ని మిల్లీలీటర్లు” అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. అది ఏ ఊరి నీళ్లను చూసి రాశారు?

మేనకోడలు: అందుకే ఆర్‌వో నీళ్లు పోస్తున్నాను.

మామయ్య: మంచి పని. ఆర్‌వో మిషను బయటికి వదిలే నీళ్లను మాత్రం పొయ్యకు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. అలాగే ఆర్‌వో నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు, మందు కలిపేటప్పుడు అది గుర్తుంచుకో. ఆర్‌వో మిషను బాగుచేసే అబ్బాయి జేబులో ఉండే, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి కొను. ఈ తోటకు అన్నిటికన్నా విలువైన విడిభాగం అది. పెట్టెతోపాటు ఎవరూ ఇవ్వరు.

మేనకోడలు: ఆ మాట ఒప్పుకుంటాను. ఏసీ నుంచి కారే నీళ్లు పడుతున్నారట?

మామయ్య: మొక్కలకు పోయడానికే.

మేనకోడలు: రాగి గొట్టాల మీద, దుమ్ము మీద పేరుకుని కారిన నీళ్లవి. ఇప్పుడే రాగి లెక్క చెప్పాను. బాల్కనీ పూలకు పొయ్యండి, తినే ఆకుకు వద్దు.

మామయ్య: నీ పంపు సంగతి చెప్పు. పోయినసారి చచ్చిపోయిందన్నావు.

మేనకోడలు: వేళ్లు దూరి ఆగిపోయింది. కంపెనీది కొత్తది తెప్పించాను. చాలా రోజులు పట్టింది.

మామయ్య: పాత నైలాన్ మేజోడు ముక్కను పంపుకు తొడిగి దారంతో కట్టు. వేరు దూరదు, నీళ్లు ఆగవు. నెలకోసారి తీసి ఉతుకు. కొత్త పంపు కోసం ఎదురుచూసిన రోజుల్లో చేపల తొట్ల కొట్లో దొరికే గాలి పంపు, గాలి రాయి పెట్టుంటే సరిపోయేది. కాకపోతే గాలి పంపు నీటిమట్టం కన్నా ఎత్తులో ఉండాలి, లేదా గొట్టానికి ఎదురు కవాటం వెయ్యాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి, అక్కడినుంచి ప్లగ్గులోకి పోతాయి.

మేనకోడలు: అసలు పంపే లేకుండా కూడా పెంచుతున్నారట.

మామయ్య: హవాయి విశ్వవిద్యాలయంలో క్రాట్కీ అనే ప్రొఫెసర్ చూపించిన పద్ధతి. తొట్టి నిండుగా మొదలుపెడతారు. మొక్క తాగేకొద్దీ మట్టం దిగుతుంది. మూతకూ నీళ్లకూ మధ్య మిగిలిన చోట వేళ్లు గాలి పీల్చుకుంటాయి. అందుకని మళ్లీ పైదాకా నింపకూడదు. చేపలు పంపే థర్మాకోల్ పెట్టె, పైన బెజ్జాల మూత, అంతే. కరెంటు కోతలున్న ఊరికి దీన్ని మించింది లేదు. మట్టం చూడటానికి ఒక చిన్న సాధనం కూడా చేశాను. థర్మాకోల్ ముక్కకు కొబ్బరి ఈనె గుచ్చి, మూతలో ఒక స్ట్రాలోంచి పైకి తీశాను. నీళ్లు దిగితే ఈనె దిగుతుంది. ఈనె మీద రెండు గీతలు. అవే ఈనెలు సాగిన మొలకలకు ఊతం కూడా.

మేనకోడలు: ఎండాకాలంలో ఆ పెట్టె పనిచేస్తుందా? నీళ్లు 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకుంటాయి. 30 డిగ్రీలకు ఏడున్నర. విజయవాడలో మే నెలలో మీ వంటింట్లో 35 తగ్గదు. వేళ్లు గోధుమరంగుకు తిరిగి జారిపోవడం అక్కడే మొదలవుతుంది.

మామయ్య: థర్మాకోల్ వేడిని అంత త్వరగా లోపలికి రానివ్వదు, నీ ప్లాస్టిక్ తొట్టి రానిస్తుంది. అందుకే నీ తొట్టి చుట్టూ కూడా థర్మాకోల్ పలకలు కట్టమంటున్నాను. ఫ్రిజ్ పైన మాత్రం పెట్టకు, దాని వేడంతా తొట్టికే. మే నెలలో నేనే పుదీనా, బచ్చలి తప్ప వేరేవి వెయ్యను. కొత్తిమీరకు ఆ వేడి గిట్టదు, ఏ పెట్టెలో అయినా పూతకొచ్చేస్తుంది.

మేనకోడలు: దీపం గురించి మాత్రం మీతో రాజీ లేదు. ఆ గోడకు వేలాడదీసిన ట్యూబు చూస్తే నాకు భయం. 230 వోల్టుల తీగ, కింద ఎరువు కలిపిన నీళ్లు. ఉప్పు కలిసిన నీళ్లలో కరెంటు ఇంకా బాగా పారుతుంది.

మామయ్య: 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్, 6500 కెల్విన్ తెలుపు. రోజుకు 16 గంటలు వెలిగినా నెలకు పది యూనిట్ల లోపు. ఆకుకూరకు ఆ వెలుతురు చాలు. ఊదారంగు దీపమే కావాలని చెప్పేది నమ్మొద్దు. పెట్టెల దీపాల్లో ఉన్న లోపం వెలుతురు రంగు కాదు, కాడ పొడవు చాలకపోవడం. మొక్క దీపానికి తగిలి మాడుతుంది. గొలుసు కొక్కేలతో కడితే వారం వారం పైకి లాగొచ్చు.

మేనకోడలు: గొలుసు కట్టండి. తీగలు అతకొద్దు.

మామయ్య: నేను వర్క్‌షాపు మనిషిని. నాకు తెలుసు.

మేనకోడలు: మీకు తెలుసు. మిమ్మల్ని చూసి చేసే పక్కింటి కుర్రాడికి తెలియదు. ఇంట్లో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉందా? ఎంసీబీ మనిషిని షాకు నుంచి కాపాడదు. ప్లగ్గు తొట్టి కన్నా ఎత్తులో ఉందా? తీగ ప్లగ్గు దగ్గరికి వచ్చే ముందు ఒకసారి కిందికి వేలాడాలి, కారిన చుక్క అక్కడే రాలిపోవాలి. ఇవి లేకపోతే ముట్టుకోకూడదు.

మామయ్య: ఆర్‌సీసీబీ ఉంది. తీగ వేలాడదీయడం లేదు, ఈ రోజు సరిచేస్తాను. తెలియనివాళ్లకు నేను చెప్పేది వేరే. 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ, బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తున్న అడాప్టరు కొను. అడాప్టరు దూరంగా గోడకు. తొట్టి దగ్గరికి వచ్చేది 12 వోల్టులే. కోఠి గుజరాతీ గల్లీలో రెండూ దొరుకుతాయి.

మేనకోడలు: అదైతే నేను కూడా కడతాను.

మామయ్య: ఇలా ఎవరికివారు కట్టుకోవాలన్న ఆలోచన పాతదే. కలింపాంగ్‌లో షోల్టో డగ్లస్ అని ఒకాయన 1940ల్లో ఈ మట్టిలేని సాగును మన దేశంలో మామూలు ఇళ్లకు తేవాలని చూశాడు. పంపుల్లేవు, కరెంటు లేదు. తొట్లలో ఇసుక, రాళ్లపొడి. పైన లవణాల పొడి చల్లి నీళ్లు పోయడం. ఆయన పుస్తకం 1951లో వచ్చింది. పేదవాడికి అందే ఖర్చులో ఉండాలన్నదే ఆయన పట్టుదల. ఈ రోజు ఈ సాగు పాడ్ల డబ్బాలోకి ముడుచుకుపోయింది. నేను కప్పులకు బెజ్జాలు పెట్టేది డబ్బు మిగలాలని కాదమ్మా. నీ తులసి చచ్చిపోతే నువ్వు కొత్త పాడ్ కొంటావు. నా పుదీనా వాడిపోతే నేను మూత ఎత్తి వేరు రంగు చూస్తాను.

మేనకోడలు: నేనూ మూత ఎత్తుతాను మామయ్యా. మీటరు పెట్టి చూస్తాను. మీరు చూడనిది అదే.

వాళ్లిద్దరూ అక్కడ ఆగారు. నా తీర్పు చెబుతాను. బుట్ట, స్పాంజి, బిరడా, ఊతం, మట్టం చూపే ఈనె, పంపుకు మేజోడు, తొట్టికి థర్మాకోల్ తొడుగు, వీటికి కంపెనీకి డబ్బు కట్టాల్సిన పని లేదు. సూక్ష్మపోషకాలు కొనాల్సిందే. గోడ కరెంటు తాకే ఏ అతుకూ ఇంట్లో వెయ్యకూడదు. ఈ రెండింట్లో మేనకోడలి మాటను దాటొద్దు.

కొత్తగా పెట్టె కొనబోయేవారికి ఒక మనవి. కొట్లోనే మూత తెరిపించండి. బెజ్జం వెడల్పు స్కేలుతో కొలవండి, 50 మిల్లీమీటర్ల మామూలు బుట్ట కూర్చుంటుందో లేదో చూడండి. పంపు విడిగా ఊడుతుందా, చేపల తొట్ల కొట్లో దానికి మారు దొరుకుతుందా అని అడగండి. అడాప్టరు మీద వోల్టేజీ రాసి ఉందా, దాని పిన్ను మామూలుదేనా చూడండి. దీపం కాడ ఎంత ఎత్తు లేస్తుందో లాగి చూడండి. వీటికి జవాబు చెప్పలేని పెట్టెను ఎంత తక్కువకు ఇచ్చినా కొనకండి. ఆ డబ్బుతో థర్మాకోల్ పెట్టె, ఎ, బి సీసాలు, ఒక టీడీఎస్ మీటరు తెచ్చుకోండి. మొదట పుదీనా కొమ్మలు వెయ్యండి.